గీకుడు కాదు, కట్టుడే లెక్క: ఫస్ట్ క్రెడిట్ కార్డు మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో క్రెడిట్ కార్డు మీదవే ఎక్కువ, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకి శాలరీ అకౌంట్‌తో పాటు కార్డు కూడా అంటగడుతున్నారు కదా, అందుకే అనుకుంటా. ఒకేలాంటివి వస్తే కలిపేసి ఒక్కటిగా వేశాం. పేర్లు వద్దని చాలామంది రాశారు కాబట్టి ఊరి పేర్లతో సరిపెడుతున్నాం.

ప్రశ్న: సార్, హైటెక్ సిటీలో ఈ మధ్యే జాబ్ వచ్చింది, చేతికి 32 వేలు వస్తుంది. బ్యాంకు వాళ్ళే ఫోన్ చేసి 60 వేల లిమిట్‌తో కార్డు ఇచ్చారు. మా నాన్నేమో అప్పు అంటే అస్సలు ఒప్పుకోడు, కత్తెరతో ముక్కలు చేసి పడెయ్యమంటున్నాడు. ఫ్రెండ్సేమో ఎంత గీకితే సిబిల్ అంత పెరుగుద్ది అంటున్నారు. ఎవరి మాట వినాలి?
(ఓ పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: మీ నాన్నగారి భయం సగం కరెక్టు, మీ ఫ్రెండ్స్ మాట మాత్రం మొత్తం తప్పు. అప్పులు సరిగ్గా తీరుస్తామా లేదా అని చెప్పే మార్కే సిబిల్ స్కోరు, ఎంత గీకారన్నది దానికి అనవసరం. గీకింది గడువులోపు కట్టారా లేదా, ఇచ్చిన లిమిట్‌లో ఎంత వాడేస్తున్నారు, ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారు, ఈ మధ్య ఎన్ని చోట్ల లోన్లకి కార్డులకి అప్లై చేశారు, ప్రధానంగా చూసేవి ఇవే. మీ జీతం 32 వేలా 3 లక్షలా అన్నది కూడా అందులో లేదు, బ్యాంకు లోన్ ఇచ్చేటప్పుడు జీతం చూస్తుంది గానీ స్కోరులో అది కలవదు. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది, 750 దాటితే బ్యాంకులు మర్యాదగా మాట్లాడతాయి. ఇక కార్డుని కత్తిరిస్తే ప్లాస్టిక్ ముక్కే పోతుంది, అకౌంట్ అలాగే ఉంటుంది, యాన్యువల్ ఫీజు ఉన్న కార్డైతే అది పడుతూనే ఉంటుంది, మీరు చూసుకోకపోతే దాని మీద లేట్ ఫీ, దాని మీద వడ్డీ. వద్దనుకుంటే రాతపూర్వకంగా క్లోజ్ చెయ్యమని అడగాలి, కత్తెర పనికిరాదు.

ఉంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం, ఐదేళ్ళ తర్వాత హోమ్ లోన్‌కి వెళ్ళినప్పుడు ఈ హిస్టరీ పనికొస్తుంది. కాకపోతే రెండు తేదీలు బుర్రలో పెట్టుకోవాలి, ఒకటి బిల్లు తయారయ్యే రోజు, రెండోది కట్టాల్సిన ఆఖరి రోజు. మీ బిల్లు ప్రతి నెలా 5న వస్తుంది, డ్యూ డేట్ 25 అనుకుందాం. ఏప్రిల్ 6న మీరు ఏదైనా కొంటే అది మే 5 బిల్లులో వస్తుంది, మే 25కి కడితే చాలు, అంటే 49 రోజులు వడ్డీ లేదు. అదే మే 4న కొంటే 21 రోజులే. యాడ్స్‌లో 50 రోజులు ఫ్రీ ఫ్రీ అని ఊదరగొట్టేది ఈ మొదటి రకం గురించే. జీతం 1న పడే వాళ్ళకి డ్యూ డేట్ 28న ఉంటే అప్పటికి అకౌంట్ ఖాళీ అయిపోయి ఉంటుంది, అలాంటప్పుడు బిల్లింగ్ డేట్ మార్చమని బ్యాంకుని అడగొచ్చు, కనీసం ఒక్కసారైనా మార్చుకునే ఆప్షన్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2022 నాటి కార్డుల రూల్స్‌లో ఉంది. డ్యూ డేట్ జీతం పడ్డాక ఐదారు రోజులకి వచ్చేలా పెట్టించుకోండి.

ఇప్పుడు అసలు దెబ్బ ఎక్కడ పడుతుందో చూడండి. ఏప్రిల్ 10న 20 వేలు పెట్టి ఏదో కొన్నారు, మే 5న బిల్లు వచ్చింది, మే 25న 19 వేలు కట్టి, మిగతా వెయ్యే కదా వచ్చే నెల చూద్దాంలే అనుకున్నారు. వెయ్యి మీద వడ్డీ ఎంత, ముప్పై నలభై రూపాయలు అనుకుంటారు అందరూ. చాలా బ్యాంకుల లెక్క అలా ఉండదు. పూర్తి బిల్లు కట్టకపోతే ఫ్రీ పీరియడ్ మొత్తం ఎగిరిపోతుంది, మొత్తం 20 వేల మీద కొన్న రోజు నుంచి కట్టిన రోజు దాకా వడ్డీ వేస్తారు, ఆ తర్వాత మిగిలిన వెయ్యి మీద వేస్తారు. నెలకి 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం చొప్పున 45 రోజులకి 1,035 రూపాయలు, ఆ వెయ్యి మీద తర్వాతి బిల్లు దాకా ఇంకో 12, 13 రూపాయలు, ఈ వడ్డీ అంతటి మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 1,240 దగ్గరికి వస్తుంది. వెయ్యి ఆపినందుకు పన్నెండొందల పైన! నమ్మకం లేకపోతే మీ కార్డుతో పాటు వచ్చిన ఎంఐటీసీ అనే ముఖ్యమైన షరతుల కాగితంలో వడ్డీ లెక్కకి ఉదాహరణ ఇస్తారు, తీసి చదవండి, కార్డు తీసుకున్న వాళ్ళలో ఆ కాగితం తెరిచిన వాళ్ళు అరుదు.

అందుకే మొదటి రోజే శాలరీ అకౌంట్ నుంచి ఆటో డెబిట్ పెట్టెయ్యండి. పెట్టేటప్పుడు యాప్‌లో రెండు ఆప్షన్లు వస్తాయి, టోటల్ అమౌంట్ డ్యూ (మొత్తం బిల్లు), మినిమం అమౌంట్ డ్యూ (కనీసం కట్టాల్సింది) అని. టోటల్ మీదే నొక్కాలి, కొంతమంది కంగారులో మినిమం నొక్కేసి, ఆటోమేటిగ్గా కట్ అవుతోంది కదా అని ఏడాదంతా నిశ్చింతగా ఉంటారు.

లిమిట్ 60 వేలు ఉందని 55 వేలు వాడితే టైముకి కట్టినా సరే, వీడు నెలనెలా అప్పు మీదే బతుకుతున్నాడేమో అని స్కోరు లెక్కలో అనుమానం వస్తుంది. 30 శాతం లోపు, అంటే మీకు 18 వేల లోపు ఉంచుకోండి అని అందరూ చెప్పేది ఇందుకే. ఇదేం చట్టం కాదు, ఒక నెల పండక్కి బట్టలు కొని 30 వేలు దాటినంత మాత్రాన కొంప మునగదు, మళ్ళీ తగ్గించగానే స్కోరు సర్దుకుంటుంది. ఎక్కువ వాడాల్సి వస్తే బిల్లు వచ్చేదాకా ఆగకుండా మధ్యలోనే కొంత కట్టేసుకోవచ్చు కూడా, 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి స్కోరు లెక్కేసే కంపెనీలకి, అంటే బ్యూరోలకి డేటా పంపాలి కాబట్టి తగ్గిన బాకీ త్వరగానే కనిపిస్తుంది.

దేనికి వాడాలంటే, కార్డు లేకపోయినా ఎలాగూ పెట్టే ఖర్చుకే. కరెంటు బిల్లు, ఫోన్ రీచార్జ్, నెల సరుకులు, పెట్రోలు. ఆ డబ్బు అకౌంట్‌లో ఉందా అని చూసుకుని గీకడం, ఉన్నది అలాగే పక్కన ఉంచడం, బిల్లు రాగానే కట్టెయ్యడం. ఇంత బోరింగ్‌గా ఉంటుందా అంటే ఉంటుంది, స్కోరు పెరిగేది ఆ బోరింగ్ పని వల్లే.

ప్రశ్న: సార్ 40 వేల ఫోన్ కార్డు మీద తీసుకున్నా. ఎనిమిది నెలలుగా మినిమం డ్యూ ఒక్కసారి కూడా మిస్ అవలేదు, ఆ కార్డు మళ్ళీ వాడలేదు కూడా. అయినా బాకీ ఇంకా 36 వేలపైనే చూపిస్తోంది. బ్యాంకు నన్ను మోసం చేస్తోందా?
(ఓ పాఠకుడు, విజయవాడ)

జవాబు: మోసం కాదు తమ్ముడూ, లెక్కే అది. మినిమం డ్యూ అంటే చాలా కార్డులకి బాకీలో ఐదు శాతం దగ్గర ఉంటుంది. మొదటి నెల 2,000 కట్టారు, మిగిలింది 38 వేలు. దాని మీద నెలకి 3.5 శాతం అంటే 1,330, జీఎస్టీ 239, కలిపి 1,569. మీరు కట్టిన రెండు వేలల్లో అసలుకి వెళ్ళింది 431 రూపాయలు. ఇదే లెక్క ఎనిమిది నెలలు నడిపిస్తే మీరు దాదాపు 15,400 కట్టి ఉంటారు, బాకీ 36,700 దగ్గర ఆగి ఉంటుంది. మీ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తున్నది అదే. కొన్న రోజు నుంచి మొదటి బిల్లు దాకా పడిన వడ్డీని నేను ఇందులో కలపలేదు, కలిపితే ఇంకాస్త ఘోరంగా ఉంటుంది. మినిమం మాత్రమే కడుతూ పోతే ఏళ్ళ తరబడి సాగుతుందని ప్రతి స్టేట్‌మెంట్ మీదా హెచ్చరిక వెయ్యాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది, వేస్తున్నారు కూడా, కాకపోతే అది చదివే చోట ఉండదు.

ఇంత వడ్డీ వెయ్యొచ్చా అంటే, 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఒక ఆర్డర్ ఇచ్చింది, దాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో కొట్టేసింది. కాబట్టి ఎవరో వచ్చి ఆదుకుంటారని ఎదురుచూడకుండా మీరే బయటపడాలి. బ్యాంకుకి ఫోన్ చేసి మొత్తం బాకీని ఈఎంఐ కింద మార్చమనండి, వడ్డీ ఎంతో, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడిగి రాసుకోండి, మామూలుగా కార్డు వడ్డీ కంటే బాగా తక్కువకే వస్తుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ ఇంకా చవక, 42 శాతంలో మూడో వంతు కూడా ఉండదు. బంగారం పెట్టడం నామోషీ అని కొందరు ఫీలవుతారు, నెలనెలా పదిహేనొందలు గాల్లో కలుస్తుంటే ఆ నామోషీ ఖరీదు ఎంతో మీరే లెక్కేసుకోండి. ఒక్క మంచి సంగతి, మినిమం కట్టినంత కాలం మీ రిపోర్టులో లేట్ అని పడి ఉండదు. కానీ లిమిట్‌లో ఎక్కువ భాగం నిండిపోయి ఉండటం వల్ల స్కోరు మాత్రం కిందే ఉంటుంది, బాకీ తీరాక అదీ లేస్తుంది. అప్పటిదాకా ఆ కార్డు మీద కొత్తగా ఏదీ కొనకండి, పాత బాకీ ఉన్నప్పుడు కొత్త వాటికి ఫ్రీ పీరియడ్ ఉండదు, టీ తాగినా ఆ రోజు నుంచే వడ్డీ.

ప్రశ్న: మేడమ్/సార్, నేను గృహిణిని, టైలరింగ్ చేస్తాను. జీతం స్లిప్ లేదని కార్డు ఇవ్వలేదు. మా వారి కార్డు మీద యాడ్-ఆన్ కార్డు తీసుకోమంటున్నారు. దాంతో నాకు సిబిల్ వస్తుందా? తర్వాత షాపు పెట్టుకోవడానికి లోన్ కావాలి.
(ఓ పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: యాడ్-ఆన్ కార్డు మీద మీరు ఎంత ఖర్చు పెట్టినా కట్టాల్సిన బాధ్యత మీ వారిదే అమ్మా, కాబట్టి మీకంటూ హిస్టరీ తయారవుతుందని దాన్ని నమ్ముకోవద్దు. మీకు సరిపోయేది ఎఫ్‌డీ మీద ఇచ్చే కార్డు. మీ పేరు మీద ఒక ఇరవై పాతిక వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే దాన్ని హామీగా పెట్టుకుని బ్యాంకు కార్డు ఇస్తుంది, లిమిట్ ఎఫ్‌డీలో 75 శాతం నుంచి కొన్ని చోట్ల నూటికి నూరు దాకా ఉంటుంది, ఎఫ్‌డీ మీద వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. జీతం స్లిప్పులు పెద్దగా అడగరు. మామూలు కార్డులాగే బ్యూరోలకి రిపోర్ట్ అవుతుంది. దారాలు, గుండీలు, లైనింగ్ క్లాత్ కొనేది దాని మీద కొని నెలనెలా పూర్తిగా కట్టుకుంటూ వెళ్తే ఏడాది తిరిగేసరికి మీ పేరు మీద చూపించుకోవడానికి ఒక రికార్డు ఉంటుంది. కట్టకపోతే ఎఫ్‌డీలోంచి పట్టుకుంటారులే అని మాత్రం వదిలెయ్యొద్దు, డబ్బు ఎఫ్‌డీ నుంచి వచ్చినా లేట్ అన్నది రిపోర్టులో పడుతుంది. మైక్రోఫైనాన్స్ వాళ్ళ దగ్గర వారం వారం కట్టే లోన్ ఏదైనా మీ పేరు మీద ఉంటే అది కూడా బ్యూరోలకి వెళ్తుంది, అందులో వాయిదా తప్పితే ఇక్కడ కార్డుతో సంపాదించింది అక్కడ పోతుంది.

ఇంకోటి, హిస్టరీ లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు అడిగే వాళ్ళని తిప్పి పంపకూడదని కేంద్ర ఆర్థిక శాఖ 2025లో పార్లమెంటులో స్పష్టంగా చెప్పింది. బ్రాంచిలో ఎవరైనా "సిబిల్ లేదమ్మా కుదరదు" అంటే, కారణం కాగితం మీద రాసి ఇవ్వండి అని మెల్లగా అడగండి.

ప్రశ్న: బ్యాంక్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. మూడేళ్ళ క్రితం కాలేజీలో ఉండగా ఒక లోన్ యాప్‌లో 5 వేలు తీసుకుని కట్టలేదు. ఇప్పుడు ఎవరో ఫోన్ చేసి 2 వేలకి సెటిల్ చేసుకో, క్లియర్ అయిపోద్ది అంటున్నారు. కట్టేయాలా? సిబిల్ బాలేకపోతే జాబ్ రాదంటున్నారు నిజమా? ఈ టెన్షన్‌తో క్రెడిట్ కార్డు తీసుకుని స్కోరు పెంచుకుందాం అనుకుంటున్నా.
(ఓ పాఠకుడు, కర్నూలు)

జవాబు: ఫోన్ చేసినవాడికి రూపాయి కూడా పంపకండి, ముందు మీ రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ అని మన దేశంలో నాలుగు బ్యూరోలు ఉన్నాయి, ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, వాటి సొంత సైట్లలోనే దొరుకుతుంది. రిపోర్టులో యాప్ పేరు కనపడదు, దాని వెనక డబ్బు ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీ పేరు కనిపిస్తుంది, చాలామంది ఇక్కడే కన్ఫ్యూజ్ అయి ఇది నా లోన్ కాదు అనుకుంటారు. అమౌంట్, తేదీ చూసి గుర్తుపట్టండి.

అక్కడ లోన్ ఉంటే ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి మొత్తం ఎంత కట్టాలో అడగండి, వాళ్ళ సొంత అకౌంట్‌కే కట్టండి, మధ్యలో ఏజెంట్ ఇచ్చిన యూపీఐ నంబర్‌కి కాదు. 2 వేలకి సెటిల్ చేసుకుంటే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, అంటే పూర్తిగా కట్టలేదు, మేమే కొంత వదులుకున్నాం అని అర్థం, తర్వాత చూసే ప్రతి బ్యాంకు దాన్ని మచ్చగానే చూస్తుంది. వీలైతే అసలు, వడ్డీ మొత్తం కట్టి "క్లోజ్డ్" అని పడేలా చేసుకోండి. ఫైన్లు తగ్గించమని బేరమాడొచ్చు, తప్పేం లేదు, కానీ క్లోజ్డ్ అని రిపోర్ట్ చేస్తామని మెయిల్‌లో ఒప్పుకున్నాకే కట్టండి. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని నాలుగు చోట్ల దాచుకోండి.

జాబ్ సంగతి నిజమే. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ నోటిఫికేషన్లలోనే ఉంటుంది, చేరే సమయానికి క్రెడిట్ హిస్టరీ బాగుండాలని, రిపోర్టు అప్‌డేట్ కాకపోతే అప్పిచ్చిన వాళ్ళ నుంచి బాకీ ఏమీ లేదని ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తేవాలని. మినిమం స్కోరు ఎంతన్నది ఆయా బ్యాంకుల పాలసీ. కాబట్టి మీరు రిజల్ట్ వచ్చేదాకా ఆగకుండా ఈ నెలలోనే ఈ పని చేసెయ్యండి. క్రెడిట్ కార్డు మాత్రం ఇప్పుడొద్దు. పాత మచ్చ ఉండగా నాలుగు చోట్ల అప్లై చేస్తే నాలుగు రిజెక్ట్ అవుతాయి, ఆ నాలుగు ఎంక్వైరీలు కూడా రిపోర్టులో కూర్చుంటాయి. ముందు పాతది క్లోజ్ అవ్వాలి, తర్వాత ఎఫ్‌డీ కార్డు, పైన రాజమండ్రి ఆవిడకి చెప్పినట్టే.

ప్రశ్న: మా బామ్మర్ది బిజినెస్‌కి అర్జెంటుగా 50 వేలు కావాలట. నా కార్డు ఒక షాపులో స్వైప్ చేస్తే రెండు శాతం కట్ చేసుకుని క్యాష్ ఇస్తారట, డ్యూ డేట్‌కి వాడు సర్దేస్తానంటున్నాడు. లేకపోతే ఇంకో కార్డు గీకి ఇది కట్టొచ్చంటున్నాడు. కాదంటే మా ఆవిడ బాధపడుద్ది. ఏం చెయ్యమంటారు?
(ఓ పాఠకుడు, వరంగల్)

జవాబు: ఇంట్లో గొడవ సంగతి నేను తీర్చలేను గానీ డబ్బు సంగతి చెప్తా. ఆ షాపువాడు ఏ సరుకూ అమ్మకుండా అమ్మినట్టు బిల్లు కొడుతున్నాడు, కార్డు రూల్స్‌కి అది విరుద్ధం. ఒకే షాపులో మాటిమాటికీ పెద్ద రౌండ్ అమౌంట్లు పడుతుంటే బ్యాంకు కంప్యూటర్ పట్టేస్తుంది, కార్డు బ్లాక్ చెయ్యొచ్చు, లిమిట్ తగ్గించొచ్చు. పోనీ ఏటీఎంలోనే తీద్దామంటే క్యాష్ అడ్వాన్స్ ఫీజు చాలా కార్డులకి 2.5 శాతం, కనీసం 500 రూపాయలు, పైగా తీసిన నిమిషం నుంచి వడ్డీ, ఫ్రీ పీరియడ్ అన్న మాటే ఉండదు. రూపే కార్డుని యూపీఐకి లింక్ చేసుకుని వాడి నంబర్‌కి పంపుదామన్నా కుదరదు, అది షాపులకే పనిచేస్తుంది, మనుషులకి పంపడానికి కాదు.

ఒక కార్డు గీకి ఇంకో కార్డు కట్టడం, దీన్ని రొటేషన్ అని గొప్పగా చెప్పుకుంటారు. ప్రతి తిప్పుడుకీ రెండు శాతం అంటే ఏడాదికి పన్నెండు తిప్పుళ్ళు, 24 శాతం, అదీ ఒక్క నెల కూడా తప్పకుండా తిరిగితే. ఒక్కసారి షాపువాడు ఊళ్ళో లేడనుకోండి, 42 శాతం మొదలు. రెండు కార్డులూ నిండిపోయి ఉంటాయి కాబట్టి మూడో చోట అప్పు కూడా పుట్టదు.

బామ్మర్దికి ఇవ్వాలనే ఉంటే మీ సేవింగ్స్‌లోంచి, రాకపోయినా మీ ఇల్లు నడిచేటంత మొత్తం ఇవ్వండి. కార్డు ఇవ్వకండి. వాడి డబ్బు ఐదు రోజులు లేటైతే ఫోన్ ఎత్తడు అంతే, లేట్ పేమెంట్ పడేది మీ పేరు మీద. మీ ఆవిడకి చెప్పాల్సి వస్తే మీ కార్డు స్టేట్‌మెంట్, పైన విజయవాడ అబ్బాయి లెక్క రెండూ ముందు పెట్టి చెప్పండి, లెక్క చూస్తే మనకంటే వాళ్ళే తొందరగా వద్దంటారు.

ప్రశ్న: ఎంఎస్ చెయ్యడానికి డాలస్ వచ్చాను. ఇండియాలో 780 స్కోరు ఉంది, ఇక్కడ ఎవరూ పట్టించుకోవట్లేదు, అపార్ట్‌మెంట్ లీజుకి కూడా ఎక్కువ డిపాజిట్ అడిగారు. ఇక్కడ మొదటి కార్డు ఎలా? మా రూమ్మేట్ వెళ్ళిపోయేముందు కార్డులన్నీ ఫుల్‌గా గీకి వెళ్ళిపోవచ్చు అంటున్నాడు.
(ఓ పాఠకురాలు, టెక్సాస్)

జవాబు: ఇండియా స్కోరు అక్కడికి రాదమ్మా, సిబిల్‌లో వాటా ఉన్న ట్రాన్స్‌యూనియన్ అక్కడ కూడా ఉన్నా సరే, రెండు దేశాల రికార్డులూ వేరు. అక్కడ సున్నా నుంచి మొదలు. క్యాంపస్ జాబ్ వస్తే సోషల్ సెక్యూరిటీ నంబర్ వస్తుంది, అది వచ్చాక మీ బ్యాంకులోనే స్టూడెంట్ కార్డు గానీ, రెండు మూడొందల డాలర్లు డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ కార్డు గానీ అడగండి. మన సిబిల్ స్కోరులాంటి అక్కడి ఫైకో స్కోరు 300 నుంచి 850, అందులో టైముకి కట్టడానికే 35 శాతం వెయిటేజ్, వాడకానికి 30 శాతం, హిస్టరీ వయసుకి 15, మిగతాది కొత్త అప్లికేషన్లకీ రకరకాల అప్పులకీ. 300 డాలర్ల లిమిట్‌లో కాస్ట్‌కో సూపర్‌మార్కెట్‌కి ఒక్క ట్రిప్పుకే సగం నిండిపోతుంది, కాబట్టి చిన్న లిమిట్ ఉన్నంత కాలం నెల మధ్యలోనే కట్టేస్తూ ఉండండి. మొదటి కార్డు ఫీజు లేనిదే తీసుకుని ఎప్పటికీ మూసెయ్యకుండా ఉంచుకోండి, హిస్టరీ వయసు దాని నుంచే లెక్క. రిపోర్టు చూసుకోవడం ఫ్రీనే. ఇండియా కార్డు అక్కడ గీకితే ఫారెక్స్ మార్కప్ అని చాలా కార్డులకి 3.5 శాతం దాకా, దాని మీద జీఎస్టీ, అత్యవసరానికే ఉంచండి.

మీ రూమ్మేట్ మాట వినకండి. అప్పు ఎగ్గొట్టి ఫ్లైట్ ఎక్కితే మళ్ళీ ఎప్పుడైనా అక్కడికి ఉద్యోగానికి వెళ్ళాల్సి వస్తే ఇల్లు అద్దెకి కావాలన్నా కారు కొనాలన్నా ఆ రికార్డే ఎదురొస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, మీ ఎడ్యుకేషన్ లోన్‌లో నాన్నగారు కో-బారోయర్ (మీతో పాటు అప్పుకి బాధ్యుడు) అయి ఉంటారు. అది ఇండియాలో మీ ఇద్దరి రిపోర్టులోనూ ఉంటుంది. ఈఎంఐ మొదలయ్యాక మీరు అక్కడ బిజీగా ఉండి రెండు నెలలు మర్చిపోతే ఇక్కడ ఆయన స్కోరు కూడా పడిపోతుంది, రిటైర్మెంట్ దగ్గర పెట్టుకుని ఆయనకి అది తలనొప్పి. ఆ డేట్ కూడా ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

చిన్న ప్రశ్నలు కొన్ని

*స్కోరు మాటిమాటికీ చూసుకుంటే తగ్గిపోతుందా? (నెల్లూరు)* తగ్గదు. మీది మీరు చూసుకుంటే లెక్కలోకి రాదు, లోన్ కోసం బ్యాంకు చూస్తేనే ఎంక్వైరీ కింద పడుతుంది.

*నో-కాస్ట్ ఈఎంఐ నిజంగా నో కాస్టేనా? (నిజామాబాద్)* వడ్డీకి సరిపడా ముందే డిస్కౌంట్ ఇచ్చి తర్వాత వడ్డీ వేస్తారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉండొచ్చు. పైగా ఆ మొత్తం మీ లిమిట్‌లో బ్లాక్ అయి ఉంటుంది. ఎలాగూ కొనాల్సిన ఫ్రిజ్‌కి ఓకే, ఈఎంఐ ఉంది కదా అని కొనే ఫ్రిజ్‌కి వద్దు.

*డ్యూ డేట్ నిన్న అయిపోయింది, ఇప్పుడే గుర్తొచ్చింది! (తిరుపతి)* ఇది చదవడం ఆపి ముందు కట్టండి. డ్యూ డేట్ దాటి మూడు రోజులకి మించి ఆలస్యమైతేనే లేట్ ఫీ వేసి బ్యూరోకి లేట్ అని పంపాలన్నది రిజర్వ్ బ్యాంక్ రూల్, కాబట్టి మీకింకా టైముంది. వడ్డీ మాత్రం పడొచ్చు.

*కార్డు క్లోజ్ చెయ్యమంటే ఇదిగో అదిగో అని తిప్పుతున్నారు. (విశాఖపట్నం)* బాకీ పూర్తిగా కట్టేసి ఉంటే, అడిగిన ఏడు పనిరోజుల్లో మూసెయ్యాలి, లేకపోతే ఆ తర్వాత రోజుకి 500 చొప్పున మీకే ఇవ్వాలి. ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో అడగండి, తేదీ మీ దగ్గర ఉంటుంది. మీకున్నది అదొక్క కార్డే అయ్యి, ఫీజు కూడా లేకపోతే అసలు ఎందుకు మూయడం, పక్కన పడేసి మూడు నెలలకోసారి ఏదో చిన్నది కొనండి.

*నాది కాని పర్సనల్ లోన్ నా రిపోర్టులో ఉంది. (ఖమ్మం)* బ్యూరో సైట్‌లో డిస్ప్యూట్ పెట్టండి, ఆ బ్యాంకుకి కూడా మెయిల్ పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం మీకు రావాలి, 2024 ఏప్రిల్ నుంచి ఈ రూల్ ఉంది. మీ పాన్, ఆధార్ వాడి ఎవరైనా తీసుకున్నట్టు అనుమానం ఉంటే 1930కి ఫోన్ చేసి సైబర్ కంప్లయింట్ కూడా ఇవ్వండి. నెల దాటినా బ్యాంకు ఉలకకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంక్ ఆంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లోనే రాయొచ్చు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, మీరు పెట్టిన మొదటి మెయిల్ కాపీ జత చేస్తే చాలు.